అరవై దాటాక మైక్రోకంట్రోలర్: డాబా మీది నీళ్ళ ట్యాంకుతో మొదలుపెట్టండి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చాలా ఇళ్ళలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగేది. పొద్దున్నే మోటారు వేయడం, డాబా మీది ట్యాంకు నిండిన సంగతి ఎవరికీ తెలియకపోవడం, నీళ్ళు గోడ మీదుగా వీధిలోకి కారిన తరువాత పరుగెత్తి స్విచ్చి కట్టడం మాకు అలవాటైపోయింది. మోటారు కట్టమన్న కేక ముందు పక్కింటి నుంచి ఒడియాలో వినిపించేది, ఆ తరువాత మా వంటింట్లోంచి తెలుగులో వినిపించేది. తంతి విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను అరవై నాలుగో ఏట ఆర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు, అంటే ఒక బుల్లి కంప్యూటరు, చేతబట్టడానికి కారణం ఆ నీళ్ళే తప్ప విద్యా జిజ్ఞాస కాదు. గుణుపురంలోనో, రాయగడలోనో, జయపురంలోనో ఉండి, చేతిలో ఖాళీ సమయం ఉండి, ఈ విద్య మనకు వస్తుందా అని సందేహిస్తున్న నా ఈడు వారి కోసం నేను నడిచిన దారిని వరుసగా రాస్తున్నాను.

ముందు పనిని ఎంచుకోండి

బోర్డు కొనక ముందే, దానితో మీ ఇంట్లో ఏ పని చేయించదలచుకున్నారో నిర్ణయించుకోండి. పాఠాలన్నీ మొదటి నుంచి చదివి తరువాత ఏదైనా చేద్దామనుకున్న నా మిత్రులలో ఎక్కువమంది నాలుగో పాఠం దగ్గర ఆగిపోయారు. అప్పటికి నేర్చుకున్నది ఎక్కడ ఉపయోగపడుతుందో వారికి కనిపించలేదు. పని ఉన్నవాడికి మాత్రం ఏది నేర్చుకోవాలో ఆ పనే చెబుతుంది, ఏది అక్కరలేదో కూడా అదే చెబుతుంది.

మొదటి పని చాలా చిన్నదిగా ఉండాలి. లోపలికి వచ్చే సంకేతం ఒకటి, బయటికి వెళ్ళే సంకేతం ఒకటి ఉంటే చాలు. అది 5 వోల్టులతో జరిగిపోవాలి, ఇంటి కరెంటు తీగల జోలికి వెళ్ళకూడదు. ట్యాంకు నిండగానే మోత మోగడం, పెరటి తలుపు తెరిచి ఉంటే దీపం వెలగడం వంటివి ఈ కొలతకు సరిపోతాయి. ఫోనులోంచి మోటారు వేయడం సరిపోదు. దానికి వైఫై, 230 వోల్టులు, ఇంటర్నెట్ అన్నీ ఒకేసారి నేర్చుకోవలసి వస్తుంది కాబట్టి దాన్ని వచ్చే ఏటికి దాచుకోండి.

ఏ బోర్డు కొనాలి

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు. దానికి తెర ఉండదు, కీబోర్డు ఉండదు. మీరు ఎక్కించిన ఒక్క ప్రోగ్రామునే కరెంటు ఉన్నంతసేపూ మళ్ళీ మళ్ళీ నడుపుతూ ఉంటుంది. ఆ చిప్పును తీగలతో కలపడానికి అనువుగా ఒక బోర్డు మీద అమర్చి అమ్ముతారు. వాటిలో ఆర్డుయినో ఊనో, ఈఎస్‌పీ32, రాస్ప్‌బెరీ పై పికో అనే మూడు పేర్లు మీకు ఎక్కువగా వినిపిస్తాయి.

మొదటిసారి కొనేవారికి ఊనోనే, అందులోనూ ఆర్3 రకాన్నే చెబుతాను. ఈఎస్‌పీ32కు వైఫై ఉన్నది, వేగమూ ఎక్కువే. అయితే అదీ పికో కూడా 3.3 వోల్టులతో పనిచేస్తాయి కాబట్టి పొరపాటున 5 వోల్టుల తీగ తగిలిస్తే ఆ తీగ తగిలించిన చోటు, అంటే పిన్ను, దెబ్బతినవచ్చు. ఊనో 5 వోల్టులది, మన పొరపాట్లను ఎక్కువగా ఓర్చుకుంటుంది. పైగా దాని మీది అక్షరాలు మన కళ్ళకు ఆనేటంత ఉంటాయి, పిన్నుల మధ్య వేళ్ళకు చోటుంటుంది. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే పట్టణంలో, ఇంజనీర్లు కాని డిజైన్ విద్యార్థుల కోసం పుట్టింది. ఎలక్ట్రానిక్స్ చదవనివాడు కూడా వాడగలగాలన్న ఆ ఉద్దేశం ఇప్పటికీ దానిలో కనిపిస్తుంది.

ఊనోలో ఉన్న ఏటీమెగా328పీ చిప్పులో ప్రోగ్రాము దాచుకోవడానికి 32 కిలోబైట్లు, నడిచేటప్పుడు లెక్కలు గుర్తుంచుకోవడానికి 2 కిలోబైట్లు చోటు ఉంటుంది. ఫోనులో ఫొటో ఒక్కటి కూడా పట్టని ఈ చోటు ట్యాంకు పనికి కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చిప్పు పొడవుగా, సాకెట్టులో గుచ్చి ఉన్న రకం దొరికితే అదే తీసుకోండి. చిప్పు పాడైతే దాన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

కొంటే రెండు బోర్డులు కొనండి. ఇది దుబారా కాదు. పని జరగనప్పుడు తప్పు మీదా, బోర్డుదా అన్నది రెండో బోర్డు పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆర్డుయినో నమూనాను అనుసరించి ఇతరులు చేసిన బోర్డులు అసలు దానికంటే చాలా తక్కువ ధరకు దొరుకుతాయి, నేర్చుకోవడానికి అవి చాలు. వాటితోపాటు టంకం లేకుండా తీగలు గుచ్చే రంధ్రాల పలక అయిన బ్రెడ్‌బోర్డు ఒకటి, అందులో గుచ్చే జంపర్ తీగలు, ఎల్.ఇ.డి.లు అనే చిన్న దీపాలు నాలుగైదు, కరెంటును అదుపులో ఉంచే రెసిస్టర్లు 220 ఓములవీ 1 కిలో ఓమువీ, కరెంటు ఇవ్వగానే తానే మోగే 5 వోల్టుల యాక్టివ్ బజరు, నీటి మీద తేలుతూ పనిచేసే ఫ్లోట్ స్విచ్చి, వోల్టులూ ఓములూ కొలిచే చవక రకం మల్టీమీటరు తెప్పించుకోండి. బరంపురమో విశాఖపట్నమో వెళ్ళినప్పుడు తెచ్చుకోవచ్చు, పార్సిలులోనూ వస్తాయి. సెన్సర్లు నలభై ఉన్నాయని ఊరించే పెద్ద కిట్టు వద్దు. అందులో ముప్పై ఆరు అటక మీదికి పోతాయి.

బల్ల, కళ్ళు, చేతులు

కుర్రవాళ్ళ కోసం రాసిన పాఠాలలో ఈ సంగతి ఉండదు. బ్రెడ్‌బోర్డు రంధ్రాల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. తీగ ఒక వరుస పక్కకు పడితే మన కళ్ళకు తెలియదు. అందువల్ల పగటి వెలుతురులో, చదువుకునే కళ్ళజోడు పెట్టుకొని కూర్చోండి. చిప్పు మీది అంకెలను ఫోను కెమెరాలో పెద్దవి చేసి చదవండి. రెసిస్టరు మీది రంగు గీతలలో ఎరుపూ గోధుమరంగూ పసుప్పచ్చ బల్బు కింద ఒకేలా కనిపిస్తాయి కాబట్టి గీతలను నమ్మకుండా మల్టీమీటరుతో కొలిచి, విలువల వారీగా విడదీసి పెట్టుకోండి. నేను ఇందుకు వారం రోజుల మాత్రల పెట్టె వాడుతున్నాను. సోమవారం గదిలో 220 ఓములవి, మంగళవారం గదిలో 1 కిలో ఓమువి ఉంటాయి. అది మాత్రలు వేసుకునే పెట్టె కాకుండా వేరే పెట్టె అయి ఉండాలని మా ఇంటావిడ షరతు పెట్టింది, ఆ షరతు సబబైనదే.

విడిభాగాలు దొర్లిపోకుండా స్టీలు పళ్ళెంలో పెట్టుకోవడం మంచి ఉపాయమే. అయితే కరెంటు ఉన్న బోర్డును మాత్రం అందులో ఎన్నడూ పెట్టకండి. బోర్డు అడుగున బయటికి తేలి ఉండే టంకం మొనలు లోహానికి తగిలితే తగలకూడని తీగలన్నీ కలిసిపోతాయి. నా మొదటి బోర్డు అలాగే పోయింది. చిన్న చిటపట, కాలిన ప్లాస్టిక్కు వాసన, అంతే. కర్ర పీట మీద గుడ్డ పరచుకుంటే ఆ భయం లేదు.

తీగ, డ్రైవరు, మొదటి దీపం

ప్రోగ్రాము రాసి బోర్డుకు ఎక్కించడానికి కంప్యూటరులో ఆర్డుయినో ఐడీఈ అనే ఉచిత సాఫ్ట్‌వేరును దాని సొంత వెబ్‌సైటు నుంచి దింపుకోండి. తెరవగానే ముందుగా ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి అక్షరాల పరిమాణాన్ని 20కి పెంచుకోండి. సెమీకోలనుకూ కోలనుకూ తేడా కనిపించకపోతే ఈ విద్య ముందుకు సాగదు.

ఊనోకు తగిలించే యూఎస్‌బీ తీగ ప్రింటరుకు వాడే చదరపు మొన తీగ. కొన్ని బోర్డులకు ఫోను తీగ సరిపోతుంది, కానీ చార్జింగుకు మాత్రమే పనికివచ్చే తీగలలో సమాచారం పంపే లోపలి తీగలు ఉండవు. వాటితో బోర్డు మీద దీపం వెలుగుతుంది గాని కంప్యూటరు ఆ బోర్డును గుర్తించదు. నేను ఒక సాయంత్రమంతా ఆ దీపాన్ని చూసి బోర్డు బాగానే ఉందనుకున్నాను. మరునాడు విశాఖలో ఉన్న మా మనవడు ఫోనులో, “తాతా, తీగ మార్చి చూశావా?” అని ఒక్క మాట అడిగాడు. తీగ మార్చినా గుర్తించకపోతే, చవక బోర్డులలో ఉండే సీహెచ్340 అనే చిప్పును కంప్యూటరు గుర్తుపట్టడానికి డ్రైవరు అనే చిన్న సాఫ్ట్‌వేరు ఎక్కించవలసి ఉండవచ్చు.

ఐడీఈలో బోర్డు పేరునూ, తీగ తగిలించిన పోర్టునూ ఎంచుకున్న తరువాత ఫైల్ మెనూలో ఎగ్జాంపుల్స్, అందులో బేసిక్స్, అందులో బ్లింక్ తెరిచి అప్‌లోడ్ గుర్తు నొక్కండి. బోర్డు మీద 13వ పిన్నుకు కలిపి ఉన్న చిన్న దీపం సెకను వెలిగి, సెకను ఆరుతుంది. ఆ ప్రోగ్రాములో రెండు భాగాలు కనిపిస్తాయి. సెటప్ అన్నది కరెంటు రాగానే ఒక్కసారి జరిగేది, లూప్ అన్నది ఆ తరువాత ఆగకుండా తిరిగేది. డిలే పక్కన ఉన్న 1000 అంటే వెయ్యి మిల్లీసెకన్లు. ఒకచోట 200 అని మార్చి మళ్ళీ ఎక్కించండి. దీపం నడక మారితే మీరు ప్రోగ్రాము రాసినట్టే.

ఎక్కువసార్లు ఎక్కిస్తే చిప్పు అరిగిపోతుందేమోనని భయపడకండి. తయారీదారు 10,000 సార్ల వరకు హామీ ఇస్తాడు. రోజుకు పదిసార్లు ఎక్కించినా అది రెండున్నరేళ్ళకు పైగా వస్తుంది.

దీపంతో తంతి కొట్టండి

ఇక్కడ పాఠాలన్నీ రంగురంగుల దీపాల వైపు తిరుగుతాయి. నేను మాత్రం మా పాత వృత్తి వైపు తిరిగాను, మిమ్మల్నీ అటే రమ్మంటాను. తంతి పంపడానికి వాడిన చుక్కలూ గీతల మోర్స్ లిపిలో గీత పొడవు చుక్కకు మూడింతలు. ఒకే అక్షరంలోని గుర్తుల మధ్య ఒక చుక్క కాలం, అక్షరాల మధ్య మూడు చుక్కల కాలం, మాటల మధ్య ఏడు చుక్కల కాలం విరామం ఉంటుంది. పర్లాకిమిడికి ఇంగ్లీషులో మొదటి అక్షరం పి. దానికి చుక్క, గీత, గీత, చుక్క. చుక్కను 200 మిల్లీసెకన్లుగా, గీతను 600గా పెట్టుకొని ఆ అక్షరాన్ని దీపంతో చెప్పించండి.

ప్రతి గుర్తుకూ వెలిగించడం, ఆగడం, ఆర్పడం, ఆగడం అని నాలుగు వరుసలు రాయాలి. ఒక్క అక్షరానికే పదహారు వరుసలు అవుతాయి. ఊరి పేరంతా రాయాలంటే విసుగు పుడుతుంది, ఆ విసుగు పుట్టడమే మనకు కావలసినది. అప్పుడు ఆ నాలుగు వరుసలను ఒక మూటగా కట్టి దానికి చుక్క అని పేరు పెట్టండి, మరో మూటకు గీత అని పేరు పెట్టండి. దీనినే ఫంక్షన్ అంటారు. ఇక మీదట పి అంటే నాలుగు మాటలే. 2013 జూలైలో తంతి సేవ మూతబడిన తరువాత ఆ లయను నేను మళ్ళీ చూసింది ఈ చిన్న దీపంలోనే. కన్ను గుర్తించక ముందే కుడిచేతి వేళ్ళు గుర్తించాయి.

పేర్ల గురించి ఒక మాట చెప్పాలి. ప్రోగ్రాములో మనం పెట్టే పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో ఉండాలి గాని ఇంగ్లీషు మాటలే కానక్కరలేదు. చుక్క, గీత, ట్యాంకు, మోత అని తెలుగు మాటలనే ఇంగ్లీషు లిపిలో రాసుకోండి. అప్పుడు చూడగానే ఏ మాట భాషదో, ఏ మాట మీరు పెట్టుకున్నదో తెలిసిపోతుంది. కొత్తవారికి కలిగే గందరగోళంలో సగం ఆ తేడా తెలియకపోవడమే.

బ్రెడ్‌బోర్డు, స్విచ్చి

బ్రెడ్‌బోర్డులో మధ్య గాడికి ఇరుపక్కలా అడ్డంగా ఉన్న ఐదేసి రంధ్రాలు లోపల కలిసి ఉంటాయి. అంచుల్లో నిలువుగా ఉన్న వరుసలు కరెంటు పంచడానికి. పెద్ద బ్రెడ్‌బోర్డులు కొన్నింటిలో ఆ నిలువు వరుస సగంలో తెగి ఉంటుంది కాబట్టి మల్టీమీటరుతో ఒకసారి చూసుకోండి. ఎల్.ఇ.డి.ని నేరుగా పిన్నుకు తగిలించకండి. ఎర్ర ఎల్.ఇ.డి. సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే 14 మిల్లీఆంపియర్ల లోపు వస్తుంది. ఊనో పిన్నుకు 20 వరకు హాయి, 40 దాటితే ప్రమాదం.

స్విచ్చి దగ్గర అందరూ తడబడతారు. ఏ తీగా తగలని పిన్ను సున్నా చెప్పదు, గాలిలోని అలజడిని బట్టి ఏదో ఒకటి చెబుతుంది. అందుకే స్విచ్చి ఒక కొసను 2వ పిన్నుకూ, రెండో కొసను గ్రౌండుకూ, అంటే సున్నా వోల్టుల పిన్నుకూ కలిపి, సెటప్‌లో ఆ 2వ పిన్నును ఇన్‌పుట్ పుల్అప్ అని ప్రకటించాలి. అప్పుడు బోర్డు లోపలి రెసిస్టరు ఆ పిన్నును 5 వోల్టుల వైపు లాగి ఉంచుతుంది. ఇప్పుడు స్విచ్చి తెరిచి, అంటే తీగలు విడిపోయి ఉంటే హై (5 వోల్టులు), మూసి, అంటే తీగలు కలిసి ఉంటే లో (సున్నా) అని చదువుతుంది. నొక్కినప్పుడు లో రావడం తలకిందుల వ్యవహారంలా అనిపిస్తుంది, కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. 0, 1 పిన్నులను మాత్రం ఖాళీగా వదిలేయండి. కంప్యూటరుతో మాట్లాడేది వాటి ద్వారానే కనుక అక్కడ ఏదైనా తగిలిస్తే ప్రోగ్రాము ఎక్కడం మానేస్తుంది.

ట్యాంకు దగ్గరికి

దూరాన్ని శబ్దంతో కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. ట్యాంకు లోపలి ఆవిరికి మామూలు రకం నిలవదు. మనకు కావలసినది నిండిందా లేదా అన్న ఒక్క జవాబే కాబట్టి ఫ్లోట్ స్విచ్చి చాలు. అందులో అయస్కాంతం ఉన్న చిన్న బెండు నీటితో పైకి లేచి లోపలి స్విచ్చిని కదిలిస్తుంది. బెండును తీసి తిరగేసి పెడితే స్విచ్చి తెరుచుకునే తీరు కూడా తిరగబడుతుంది.

ఎటు పెట్టాలన్నది ఆలోచించవలసిన విషయం. నేను మొదట నిండితే మూసుకునేలా పెట్టాను. నెల రోజులు బాగానే మోగింది. ఒకనాడు కోతులు డాబా మీది తీగను పీకేశాయి. తెగిన తీగ నిండని ట్యాంకులాగే కనిపిస్తుంది కనుక మోత మోగలేదు, నీళ్ళు మళ్ళీ వీధిలోకి వచ్చాయి. ఆ తరువాత బెండును తిరగేసి, నిండనంతసేపూ మూసి ఉండి నిండగానే తెరుచుకునేలా చేశాను. ఇప్పుడు తీగ తెగినా, చివర తుప్పు పట్టినా హై వస్తుంది, మోత మోగుతుంది. పైగా హై అంటే మోగు అని నేరుగా రాసుకోవచ్చు. మీరు మొదటే ఇలా పెట్టండి.

తీగ పొడవు ముప్పై, నలభై అడుగులు దాటితే బోర్డు లోపలి పుల్అప్ బలం చాలకపోవచ్చు. 5 వోల్టుల నుంచి 2వ పిన్నుకు 1 కిలో ఓము రెసిస్టరు ఒకటి వేయండి. బజరు ప్లస్ తీగను 8వ పిన్నుకు, మైనస్ తీగను గ్రౌండుకు కలపండి. అది తీసుకునే కరెంటు 30 మిల్లీఆంపియర్లకు మించని రకమైతే నేరుగా కలపవచ్చు.

ప్రోగ్రాము ఐదారు వరుసలే. అయితే ట్యాంకు నిండబోయేటప్పుడు పైనుంచి పడే నీటికి బెండు ఎగిరెగిరి పడుతుంది, మోత నత్తిగా మోగుతుంది. హై వచ్చి రెండు సెకన్లపాటు అలాగే ఉంటేనే మోగాలని రాయాలి. ఇందుకు డిలే వాడకండి. డిలే నడుస్తున్నంతసేపు ఆ తరువాతి వరుస ఏదీ నడవదు. మోత ఆపడానికి నేను పెట్టిన మీట పది సెకన్ల డిలే మధ్యలో ఎంత నొక్కినా పలకలేదు. దానికి బదులు మిల్లిస్ అనే గడియారాన్ని చూడాలి. బోర్డుకు కరెంటు వచ్చినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లను అది చెబుతుంది. చివరిసారి లో వచ్చిన సమయాన్ని గుర్తుంచుకొని, ఇప్పటి సమయంలోంచి అది తీసివేస్తే 2000 దాటిందా అని అడిగితే సరిపోతుంది. ఆ సమయాన్ని దాచే పెట్టెను అన్‌సైన్డ్ లాంగ్ అని ప్రకటించండి. ఇంట్ అని ప్రకటిస్తే ఊనోలో అది 32,767 వరకే లెక్కపెడుతుంది, అంటే ముప్పై మూడు సెకన్లలోపే లెక్క తప్పుతుంది.

తప్పులు పట్టుకోవడం

ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిదాన్నీ తేదీతో నోటుపుస్తకంలో రాయండి. గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులుగా ఉంటూ సవర గిరిజనులను ఇంటికి పిలిపించుకొని, విన్న మాటలను రాసుకుంటూ వారి భాష నేర్చుకున్నారు. కొత్త భాషకు నేటికీ అంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు. ఎర్ర అక్షరాలలో వచ్చే తప్పుల పట్టికలో మొదటి వరుసనే చదవండి. అది సరిచేస్తే కిందివి చాలావరకు వాటంతటవే పోతాయి. సెమీకోలను మరిచిపోతే అది చూపే వరుస సాధారణంగా తప్పు జరిగిన వరుసకు కిందిది, కాబట్టి ఒక వరుస పైన వెతకండి. పిన్‌మోడ్ అన్న మాటలో ఎమ్ మాత్రమే పెద్ద అక్షరం, మిగిలినవన్నీ చిన్నవి. ఈ పట్టింపు ప్రతి మాటకూ ఉంటుంది. సమానమా అని అడగడానికి సమాన గుర్తు రెండుసార్లు రాయాలి, ఒక్కసారి రాస్తే అడగడం కాదు, ఇచ్చేయడం అవుతుంది. ఫోనులో ఎవరో పంపిన ప్రోగ్రామును అతికిస్తే వంకర కొటేషన్ గుర్తులు వచ్చి, స్ట్రే అన్న మాటతో తప్పు చూపిస్తుంది. వాటిని చెరిపి మీరే కొట్టండి.

కరెంటు, పిడుగు, పెట్టె

ఫోను చార్జరుతో బోర్డును నడపవచ్చు. కరెంటు పోయి వచ్చినా ప్రోగ్రాము చెరిగిపోదు, మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది. వేసవి ఉరుముల వానల్లో డాబా మీది పొడవు తీగ పిడుగు తాకిడిని బోర్డు దాకా తేగలదు, అందుకే ఆ తీగకు ఊడదీయడానికి వీలైన కనెక్టరు పెట్టి, మబ్బు పట్టగానే విడదీయండి. మోత చాలదు, మోటారు కూడా తనంతట తానే ఆగాలన్న కోరిక మీకు తప్పక కలుగుతుంది. మోటారు బయలుదేరేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి 10 ఆంపియర్లు అని రాసి ఉన్న నీలం రంగు చిన్న రిలేను, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చిని, నమ్మవద్దు. మోటారుకు కాంటాక్టరు అనే గట్టి స్విచ్చి కావాలి, దాన్ని అమర్చవలసినవాడు ఎలక్ట్రీషియను. మన చెయ్యి 5 వోల్టుల పక్కనే ఆగాలి.

పని పూర్తయిన తరువాత బోర్డును ప్లాస్టిక్కు డబ్బాలో పెట్టి, మూత లోపల ఒక కాగితం అంటించండి. ఏ పిన్నుకు ఏ తీగ వెళ్ళింది, ఏ రంగు తీగ దేనికి, ప్రోగ్రాము ఏ పేరుతో ఎక్కడ దాచారు, మోత ఆపాలంటే ఏది లాగాలి అన్నవి అందులో ఉండాలి. మా డబ్బాలో చివరి సంగతిని తెలుగులో ఒక వరుస, దాని కిందే ఒడియాలో ఒక వరుస రాసి పెట్టాం. మేము ఊళ్ళో లేనప్పుడు మోటారు వేసే కుర్రవాడు తెలుగు చక్కగా మాట్లాడతాడు గాని చదవలేడు.